ఖాళీ కార్డు వెనక ఉగ్గుగిన్నె

"నేను లేనప్పుడు గాజు సామాను ముట్టుకోవద్దమ్మా. వచ్చినాక ఇద్దరం తుడుద్దాం."

"మీరొచ్చేదాకా దుమ్ము ఆగుతుందా అప్పా? దానికేం తెలుసు మీరు ఆస్పత్రికి పోయినారని!"

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. కంపౌండరయ్య మెట్ల మీద నిలబడి నవ్వాడు. చేతిలో గొడుగును ఒకసారి పైకీ కిందికీ కదిపి, దిగి వెళ్ళిపోయాడు. హెర్నియా ఆపరేషన్, నాలుగు రోజుల్లో వచ్చేస్తానన్నాడు. ఆపరేషన్ బాగానే అయిందట, మూడోరోజు గుండె ఆగిందట. ఆ సంగతి నాకు మా నేతవాళ్ళ సంఘం సెక్రటరీ చెప్పాడు. అదీ ఎవరిదో నిశ్చితార్థానికి సత్రం కింద హాల్లో కుర్చీలు వేయిస్తూ, మధ్యలో.

"నీకు ఎవురూ చెప్పలేదా? నిన్ననే దహనం కూడా అయిపాయ."

చేతిలో చీపురు ఉంది. మిగిలిన హాలు ఊడ్చాను.

ఇది రాస్తున్నది నా చెల్లెలి కూతురు. మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటుంది, ఆదివారాలు కబ్బన్‌పేటకు నా గదికి వస్తుంది. హిందూపురంలో చదివింది కాబట్టి తెలుగు చక్కగా రాస్తుంది. నాకు సంతకం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు. చెప్పడానికి మాత్రం తక్కువ లేదు. మగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది, సందు చివరిదాకా వినబడుతుంది.

ఎందుకు చెబుతున్నానో ముందే చెప్పేస్తాను. ఆయన పోగుచేసిన పాత సామానంతా దేవనహళ్ళి కోట దగ్గర కొత్తగా పెట్టబోయే మ్యూజియానికి పోతోంది. గుమ్మం పక్కన ఆయన గురించి ఒక బోర్డు పెడతారట. దాని మీద "నలభై ఏళ్ళలో ఒక్క డోసు తప్పని చెయ్యి" అని రాయాలని మా సెక్రటరీ పట్టు. ఆయన బతికి ఉంటే ఆ మాట ఒప్పుకోడు. ఎందుకు ఒప్పుకోడో లోకంలో నాకొక్కదానికే తెలుసు. చెబితే ఆయన గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే ఆయన పేరు కింద అబద్ధం నిలబడుతుంది. పదిహేను రోజులుగా ఊడ్చిన గదే మళ్ళీ ఊడుస్తున్నాను.

పేరు చెప్పను. పేటలో అందరికీ ఆయన కంపౌండరయ్యే. మా సందు మొదట్లో ఒక డాక్టరు ఉండేవాడు. డాక్టరు చీటీ రాస్తే, మందులిచ్చే గూటి వెనక కూర్చుని మందు కలిపి సీసాలో పోసి ఇచ్చేది ఈయన. డాక్టరు పోయాక ఆయన పిల్లలు క్లినిక్ ఖాళీ చేసి, గాజు సిరంజులూ సూదులు ఉడకబెట్టే డబ్బాలూ పాత సామాను వాడి బండిలోకి ఎత్తబోతే, ఈయన బండి ముందర నిలబడిపోయాడట. అక్కడ మొదలైంది. తరువాత ఇళ్ళు తిరిగాడు. పాత ఇళ్ళు పడగొట్టి అంతస్తులు లేపుతున్న కాలం కదా, ఎవరింట్లో అటక ఖాళీ చేస్తున్నా అక్కడ ఈయన చేతిసంచితో ప్రత్యక్షం. మందు నూరే కల్వం, నెత్తురు లాగే కొమ్ము, బాలింత మంచం కింద పెట్టే కుంపటి, సాంబ్రాణి బుట్ట, ఎనిమా డబ్బా, రోగులు ఉమ్మే ఇత్తడి తమ్మపడిగ, ఇంకా ఏవేవో. మా నేతవాళ్ళ సంఘం సత్రంలో మేడమీద రెండు గదులు ఇస్తే, బల్లలు వేసి వరుసగా పేర్చాడు.

నా మొగుడు చనిపోయిన ఏడాది సంఘం వాళ్ళు సత్రం ఊడ్చే పని నాకిచ్చారు. మేడమీది గదులు కూడా దాంట్లోనే చేరాయి. నేను పైకి పోయిన మొదటిరోజు ఆయన నన్ను పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఎనిమా డబ్బా చేతికిచ్చి, "ఇదేందో చెప్పు చూద్దాం" అన్నాడు.

"కాఫీ కాచేదా అయ్యా?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఏం నవ్వో. అది దేనికో చెప్పాక నాకు రెండు రోజులు కాఫీ సహించలేదు.

అదే ఆయన ఆట. వచ్చినవాళ్ళకు ఏ వస్తువు పేరూ తను చెప్పడు. వాళ్ళ చేత చెప్పిస్తాడు. ఒకసారి కింద పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు మేడెక్కారు. పెద్ద అంచు పట్టుచీర కట్టుకున్న ఒకావిడ, వంగిన మెడ, గుండ్రటి పొట్ట ఉన్న గాజుపాత్ర ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టుకుంది.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉండాది! టీవీ పక్కన పెట్టి దీంట్లో మనీప్లాంట్ వేస్తే ఎట్లుంటుంది? ఏమిటికప్పా ఇది? పన్నీరు చల్లేదా?"

"దగ్గరికి వచ్చినావమ్మా. నీళ్ళ వరకూ సరే."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మరి?"

"మంచం దిగలేని మగోళ్ళు ఒంటేలు పోసుకునేది."

ఆవిడ దాన్ని బల్లమీద పెట్టి, చేతులు తన చీరకు తుడుచుకోవడానికి మనసు రాక పక్కావిడ చీరకు తుడిచింది. ఆ పక్కావిడ అరిచిన అరుపుకు కింద నాదస్వరం వాడు ఒక్క క్షణం ఆపాడు.

ఆయన చేతులు ఎప్పుడూ క్లినిక్‌లోనే ఉండేవి, మనిషి ఎక్కడున్నా. ఏది ఇచ్చినా ముందు ఒకసారి కదిపి ఇస్తాడు. పేపరు ఇచ్చినా కదుపుతాడు, తాళంచెవి ఇచ్చినా కదుపుతాడు, ఆకులో కట్టిన ఇడ్లీలు కూడా కదుపుతాడు. అడుగున మందు పేరుకోకుండా సీసా కదిపిన అలవాటు. నేను కాఫీ పోస్తే నిలబడి తాగడు. మోకాళ్ళు వంచి, కన్ను గ్లాసు అంచుకు సమంగా తెచ్చి చూస్తాడు.

"రెండు ఔన్సులు చాలన్నా గదమ్మా. ఇది రెండున్నర."

"ఆ అర నా లెక్కలో వేసుకోండి, తాగండి సుమ్నె, మాట్లాడకుండా."

తాగేవాడు కాదు. ఆ అర మళ్ళీ నా గ్లాసులో వంపేవాడు. అంచు మీద ఒక్క చుక్క పడేది కాదు.

కూర్చుని ఊరికే ఉన్నాడంటే కాగితం ముక్క మడిచి కత్తెరతో గాట్లు పెడుతూ ఉంటాడు. ఆ కాలంలో మిక్శ్చర్ సీసాలకు గీతలు ఉండేవి కావట. మెట్లుమెట్లుగా కత్తిరించిన కాగితం అతికిస్తే ఒక్కో మెట్టు ఒక్కో డోసు. తన నీళ్ళ సీసాకు కూడా అతికించుకున్నాడు. సాయంత్రం ఆ సీసా చూసి, "ఈపొద్దు రెండు మెట్లు మిగిలిపాయ" అని బాధపడేవాడు.

పేటలో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే మాట ఒకటి ఉంది: కంపౌండరయ్య దగ్గరికి పోతే రోగం తగ్గినాక మందు వస్తుంది. ఎందుకంటే కొలుస్తాడు, వంగి చూస్తాడు, వెనక్కి పోస్తాడు, మళ్ళీ కొలుస్తాడు. చుక్కల మందు అయితే ఆయన లెక్కబెట్టేటప్పుడు ఎవరూ దగ్గకూడదు. దగ్గితే పారబోసి మొదటినుంచి. బయట బెంచీ మీద జ్వరం వాళ్ళంతా తిట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. అయినా పక్క పేటల నుంచి కూడా పసిబిడ్డలను ఎత్తుకుని ఇక్కడికే వచ్చేవాళ్ళు. సెక్రటరీ బోర్డు మీద రాయాలంటున్న మాట ఆ బెంచీ మీద పుట్టిందే.

ప్రతి వస్తువు ముందరా ఒక చిన్న కార్డు పెట్టాడు. తెలుగులో, కన్నడలో, చీమల బారు లాంటి అక్షరాలు. ఎవరింటి నుంచి వచ్చింది, ఎవరికి వాడారు, ఎప్పుడు ఆపేశారు. తనకు తెలిసిందే రాస్తాడు. తెలియకపోతే తెలియదనే రాస్తాడు. ఒక్క వస్తువు ముందర మాత్రం ఖాళీ కార్డు. అది ఉగ్గుగిన్నె. పసిపిల్లల నోట్లో ఆముదమో, వసకొమ్ము అరగదీసిన గంధమో, మందో పోయడానికి ముక్కు తీసిన చిన్న ఇత్తడి గిన్నె. చేరిన కొత్తలో నాకు నవ్వొచ్చింది.

"ఏమప్పా, నెత్తురు లాగే కొమ్ముకు ఇంత కథ రాసినారు. ఉగ్గుగిన్నె తెలీదా మీకు? చదువు రాని నాకే తెలుసు."

"పేరు తెలిస్తే వస్తువు తెలిసినట్లేనా?"

అని కాగితానికి గాట్లు పెట్టుకుంటూ కూర్చున్నాడు. అది కూడా ఆటలో భాగమే అనుకున్నాను.

నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను. ఆ ఏడాది దసరాకు. మా నేతవాళ్ళకు ఆయుధపూజ అంటే తెలుసు కదా, మగ్గం, కండె, కత్తెర, చివరికి ఇంట్లో సుత్తి కూడా కడిగి బొట్టు పెట్టాల్సిందే. మొగుడు పోయాడు, మగ్గం అమ్ముడుపోయింది. నాకు కడగడానికి ఏదీ లేదు. పొద్దున్నే లేచి చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. మేడమీది సామాను గుర్తొచ్చింది. ఎంతమంది ప్రాణం నిలబెట్టిన పనిముట్లో, పండగపూట కిలుం పట్టి పడి ఉన్నాయి, పాపం కదా అనిపించింది. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తీసుకుని పోయాను. ఇత్తడి అన్నది ఒక్కటి వదల్లేదు. పంపు కింద కూర్చుని మధ్యాహ్నం దాకా తోమాను. నా మొగుడు పోయాక ఒంటికి సుఖంగా ఉన్న మొదటి రోజు అది, నిజం చెప్పాలంటే. అన్నీ బల్లలమీద పెట్టి పసుపు, కుంకుమ, చేమంతులు పెట్టాను.

ఉగ్గుగిన్నెను అన్నిటికన్నా ఎక్కువసేపు తోమాను. నాకు పిల్లల్లేరు. ఆ గిన్నె నా చేతుల్లోకి రావడం అదే మొదలు. అడుగున నల్లగా ఏదో గట్టిపడి అంటుకుపోయి ఉంది. చింతపండుకు కదల్లేదు. వేడినీళ్ళు పోసి నానబెట్టి, చెంచా కొనతో గీకితే పెచ్చులుగా లేచి వచ్చింది. కడిగి చూస్తే అద్దం. నా మొహం కనబడింది.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. కుంకుమ బొట్టుతో ఎనిమా డబ్బా కనబడింది. మోకాళ్ళమీద చేతులు ఆనించి నవ్వాడు.

"దీనికి కూడా పూజనా! పుణ్యమంతా నీదేనమ్మా."

సిరంజులకు పూలు చూశాడు, మళ్ళీ నవ్వాడు. అలా నవ్వుకుంటూ బల్ల చివరికి పోయాడు. గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. కన్ను దగ్గరికి తెచ్చాడు. వేలు లోపల పెట్టి అడుగు తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీంట్లో అడుగున ఏమైనా ఉండెనా?"

"ఉండెనయ్యా! ఎన్నేండ్ల జిడ్డో. చెంచాతో గీకి తీసినా. నా తడాఖా చూడండి, ఎట్ల మెరుస్తాండాదో!"

స్టూలు కాలితో దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు ఆ గిన్నెలోకే చూశాడు.

"బాగా కడిగినావమ్మా" అన్నాడు.

నేను పోసిన కాఫీ తాగలేదు, ఎంత ఉందని వంగి చూడనూ లేదు. గిన్నె బల్లమీద పెట్టి, కార్డు సరిచేసి, వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు రాలేదు. ఇంట్లోనే ఉన్నాడు, తలుపు తీయలేదు. పదోరోజు వచ్చి ఏమీ జరగనట్టు సిరంజుల డబ్బా మూత తీసి చూసుకున్నాడు. ఏదో తప్పు చేశానని నాకు తెలిసింది. ఏం తప్పో తెలియలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఆ రోజునుంచి ఇత్తడి తోమలేదు, పొడిగుడ్డతో తుడవడమే.

తరువాత ఏళ్ళు గడిచాయి. ఆయన భార్య పోయింది. అప్పటినుంచి సత్రానికి సెలవైన రోజు కూడా వచ్చి కూర్చునేవాడు. నేనూ వచ్చేదాన్ని. ఆయన ఆ గదిలో కాగితం కత్తిరిస్తూ, నేను ఈ గదిలో ఒత్తులు చేసుకుంటూ. మధ్యలో తలుపు తెరిచే ఉండేది. కత్తెర చప్పుడు ఆగితే నేను తొంగి చూసేదాన్ని. నేను దగ్గకపోతే ఆయన "ఉండావా?" అనేవాడు. "ఉండాను" అనేదాన్ని. ఒక్కోరోజు మా మధ్య నడిచిన మాటలన్నీ ఆ రెండే. సెక్రటరీ కింద అందరికీ చెప్పి నవ్వేవాడట, "మేడమీద పాత సామాను ఇంకో రెండు చేరినాయి" అని. చెప్పనీ. తప్పేం ఉంది అందులో.

భార్య ఏడాది తిథి అయిన రోజు, వానపడుతున్న మధ్యాహ్నం, ఆయన పైకి వచ్చాడు. ఆకులో కట్టిన వడలు ఒకసారి కదిపి నాకిచ్చాడు. తను తినలేదు. బల్ల చివరికి పోయి ఉగ్గుగిన్నె తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. నేను చేతిలో వడ మళ్ళీ ఆకులో పెట్టేశాను.

"నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు" అన్నాడు. "ఇది మా ఇంటిదే."

అప్పుడు చెప్పాడు. ఆయన చెప్పినట్టే చెబుతాను, నా మాట ఒక్కటి కలపను.

"మాకొక పాప. పదకొండు నెల్లు. జరం, దగ్గు. నిద్రలేదు రెండు దినాలు. డాక్టరు మిక్శ్చరు రాసిచ్చి, దాంట్లో నిద్రకు ఐదు చుక్కలు వేరే మందు వెయ్యమన్నాడు. నేనే కలిపినా. నా బిడ్డకు నేను గాక ఎవురు కలుపుతారు? ఆ పొద్దు క్లినిక్కు నిండా జనం. మూడో చుక్కో నాలుగో చుక్కో పడేటప్పటికి, చెయ్యి తెగిన మగ్గమాయన ఒకడు నెత్తురు కార్చుకుంటా లోపలికి వచ్చేసినాడు. లేచి వాని చెయ్యి పట్టుకున్నా. మళ్ళీ వచ్చి కూర్చున్నా. లెక్క పోయింది. పారబోసి మళ్ళీ మొదలుపెట్టినట్లు గుర్తు. పారబోసినానా, లేక దాంట్లోనే మళ్ళీ ఐదు వేసినానా... అదే అమ్మా. అదే గుర్తులేదు."

వాన చప్పుడు.

"మా ఇంటామె ఈ గిన్నెతో తాగించింది. పాప బాగా నిద్రపాయ. తెల్లారి లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, జరం గుండెకు ఎక్కిందప్పా, నీ చేతిలో ఏముండాది అన్నాడు. సీసా దొర్లి పగిలిపోయుండె. గిన్నెలో అడుగున స్వల్ప మిగిలుండె. ఇది కడగద్దు అని ఇంటామెకు చెప్పినా. ఎందుకని ఆమె అడగలేదు. ఎండిపాయ. పెద్ద ల్యాబులో ఇస్తే చెప్తారు, ఐదా ఎక్కువా అని. రుమాల్లో చుట్టుకొని రెండుసార్లు ఆ గేటు దాకా పోయినా. వెనక్కి వచ్చినా. ఇంక ఏడాది, ఇంక ఏడాది అని..."

"ఆమె?"

"ఆమె ఒక్క మాట అనలేదు. కానీ ఆ దినం నుంచి చచ్చేదాకా నా చేతి మందు తాగలేదు. తలనొప్పి మాత్ర కూడా పక్కింటోళ్ళ చేత తెప్పించుకునేది. నేను కలిపింది పేటంతా తాగింది, మా ఇంట్లో తాగలేదు."

నాకు అప్పుడు అర్థమైంది ఆయుధపూజనాడు నేను దేన్ని గీకి పారేశానో. ఏడుపు రాలేదు. నా చేతులు చూసుకున్నాను.

"నేను పాపిని అప్పా. తెలుసుకునే దారి నేను మూసేసినా."

ఆయన గిన్నెను వేళ్ళతో తిప్పుతూ, "దారి ఉండిన నలభై ఏండ్లూ నేను పోలేదు గదా" అన్నాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు కడిగినావని తెలిసిన దినం, ఇంటికి పోయి బాగా నిద్రపోయినా. ఎన్నో ఏండ్లకు. తెల్లారి లేచినాక నన్ను చూస్తే నాకే అసహ్యం అయ్యింది. మేలు చేసినావో, కీడు చేసినావో, అది కూడా నాకు తెలీదు. ఇంక కార్డు మీద ఏం రాసేది చెప్పు" అన్నాడు.

ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎవరికీ చెప్పవద్దు అనలేదు. చెప్పమని కూడా అనలేదు.

ఆయన పోయిన నెలకు దేవనహళ్ళి నుంచి మేడమ్ ఒకామె వచ్చింది. చిన్నపిల్ల, మంచి పిల్ల. చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కో వస్తువూ పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, పక్కనున్న ల్యాప్‌టాప్‌లో రాసుకుంది. రాసేది పైకి చదువుకుంటూ రాస్తుంది. ఉగ్గుగిన్నె దగ్గర లోపలికి టార్చి వేసి చూసి, "ఇత్తడి. మంచి కండిషన్. లోపల వాడిన గుర్తులు ఏమీ లేవు" అంది.

వాడిన గుర్తులు ఏమీ లేవట.

నేను గోడకు ఆనుకున్నాను. ఏమైందమ్మా, నీళ్ళు కావాలా అని ఆ పిల్ల లేచింది. సరిగ్గా అప్పుడే సెక్రటరీ బోర్డు సంగతి ఎత్తాడు. నలభై ఏళ్ళు, ఒక్క డోసు, తప్పని చెయ్యి. రెండుసార్లు గట్టిగా చదివాడు, వాడికే ముద్దొచ్చింది ఆ మాట.

"ఆ మాట వద్దు సెక్రటరీ" అన్నాను.

"ఏమిటికి?"

"ఆయప్ప ఒప్పుకోడు."

"ఒప్పుకోనంటే వచ్చి చెప్పమను. నువ్వేమన్నా పక్కన కూర్చుని చుక్కలు లెక్కబెట్టినావా? పెద్దమనిషిని పొగిడితే నీకేం కడుపునొప్పి?"

చుట్టూ ఉన్న సంఘం వాళ్ళు నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఆ పాప సంగతి ఎలా చెప్పను? మేడమ్ మాత్రం పోతూ పోతూ నన్ను మెట్ల దగ్గర ఆపింది. "అమ్మా, మీకు తెలిసింది ఎవరిచేతనైనా రాయించి పంపండి. బోర్డు సోమవారం ప్రింటింగ్‌కి వెళ్తుంది. నేను చదివాకే ఫైనల్ చేస్తాను, ప్రామిస్" అంది.

రేపు సోమవారం.

ఇన్ని రోజులు ఎందుకు ఆగానంటే, చెబితే జనం ఒక్కటే పట్టుకుంటారని భయం. కన్నబిడ్డకు మందు ఎక్కువేశాడట అంటారు. 'ఏమో' అన్నది ఎవరి నోట్లోనూ నిలవదు, రెండో ఇంటికి పోయేసరికి 'అవును' అయిపోతుంది. మరి చెప్పకపోతే? గుమ్మం పక్కన ఆ బోర్డు, లోపల ఆ గిన్నె. వచ్చినవాళ్ళు బోర్డు చదివి లోపలికి పోయి గిన్నె చూస్తారు. బతికినన్నాళ్ళూ ఆయన ఏ లెక్కను గుండెమీద మోశాడో, దాన్ని మేమందరం కలిసి పారబోసినట్టు. ఒకసారి కడిగిన దాన్ని నేను. రెండోసారి నా చేతులతో ఆ పని చేయలేను.

అందుకని మేడమ్‌కు నేను చెప్పేది రెండు. బోర్డు మీద ఆ మాట తీసేయండి. దాని బదులు ఆయన మెల్లగా కొలిచేవాడని రాయండి, జ్వరం వాళ్ళు బెంచీ మీద తిట్టుకునేవాళ్ళని రాయండి, అది నిజం. రెండోది, ఆ ఖాళీ కార్డు మీద ఇలా రాయండి: ఇది కంపౌండరు ఇంటి ఉగ్గుగిన్నె. ఆయన పాప ఆఖరి మందు దీంతోనే తాగింది. ఆ మందులో చుక్కలు ఐదా, ఎక్కువా అన్నది ఆయనకు గుర్తులేదు. అడుగున మిగిలినదాన్ని చాలా ఏళ్ళు దాచిపెట్టాడు. సత్రం ఊడ్చే ఆమె తెలియక దాన్ని కడిగేసింది. ఇక ఎవరికీ తెలియదు. కింద నా సంతకం పెడతాను.

ఇక్కడికి వచ్చేసరికి మా పిల్ల పెన్ను ఆపింది.

"పెద్దమ్మా, ఇది చదివితే ఆయనే చంపినాడని అనుకోరా?"

ఏమో తల్లీ. నేను చెప్పేటప్పుడు నాకు ఆయన మొహం కనబడుతూ ఉంది, కాబట్టి నాకు అలా అనిపించదు. ఆయన్ను చూడనివాళ్ళకు ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది? కాఫీ తరువాత పెడతాను, కూర్చో. చదివి వినిపించు. ఉగ్గుగిన్నె దగ్గర గబగబా పోవద్దు. నేను ఆయన ఎవరో తెలియని మనిషిలాగా, బస్సు దిగి మ్యూజియంలోకి వచ్చిన ఎవతో లాగా వింటాను. ఎక్కడ నాకు ఆయన మీద కోపం వస్తే అక్కడ చెయ్యి ఎత్తుతాను, నువ్వు ఆపు, ఆ మాట మార్చుదాం. ఎన్నిసార్లయినా మార్చుదాం. చదువమ్మా.